నీరుగంటి ఒప్పుకోలు

మంగళవారం ఉదయం ఏడూ ఇరవైకి కోయిలకుంట్ల సబ్‌జైలు ఊచల ముందు కూర్చున్నాను. లోపల తిమ్మయ్య గోడకు ఆనుకొని మోకాళ్లు ముడుచుకొని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. సింగనకుంట ఊరి నీరుగంటి. చెరువు తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం అతని పని. తాత కాలం నుంచీ ఆ పని వాళ్లింటిదే.

ఇప్పుడు అతని మీద ఉన్నది ఖూనీ కేసు. చెరువులో విషం కలిపాడు, వందల పక్షులు చచ్చాయి, ఆ నీళ్లు తాగి ఊరి పెద్దరైతు ఓబులరెడ్డి భార్య రామలక్ష్మమ్మ చనిపోయింది. పోలీసుల మాట ఇది. శనివారం పట్టుకొచ్చారు. ఆదివారం అతని కూతురు సుంకులమ్మ బస్సెక్కి కర్నూలు వచ్చి మా ప్లీడరు వాకిట్లో కూర్చుంది. ఆయన విచారణ పనులు చూసేవాణ్ణి నేను. నన్ను పంపించాడు.

"తిమ్మయ్యా, నా పేరు దాసన్న. నీ బిడ్డ పంపిస్తే వచ్చినా."

"ఎందుకొచ్చినావు సామీ. నేనే సంపినా."

"ఎవరిని?"

"పక్షుల్ని."

"రామలక్ష్మమ్మను?"

కొంచెం ఆలోచించాడు. "పక్షులు సచ్చినాక ఆయమ్మ పోయింది. అదీ నా నెత్తినే."

"నీళ్లల్లో ఏం కలిపినావు?"

"ఏమీ కలపలేదు."

"మరి ఎట్ల సంపినావు?"

తల గోడ వైపు తిప్పుకున్నాడు. ఇంకో నాలుగు ప్రశ్నలు వేశాను. నాలుగింటికీ జవాబు రాలేదు. ముప్పై ఏళ్లు పోలీసులో ఉన్నాను. నేరం చేసినవాడు ఎట్లా చేశాడో దాచడు, ఎందుకు చేశాడో దాస్తాడు. ఇతను ఎట్లా చేశాడో దాస్తున్నాడు. అది నాకు కొత్త.

"అయిందా దాసన్నా, నీ దర్బారు?"

వెనక సర్కిల్ ఇన్‌స్పెక్టరు శ్రీనివాసులు. నేను హెడ్డు కానిస్టేబులుగా ఉన్నప్పుడు ఆయన కొత్తగా వచ్చిన సబ్‌ఇన్‌స్పెక్టరు. అప్పుడు నేను చెప్పింది వినేవాడు. ఆ సంగతి గుర్తుండడం ఆయనకు ఇష్టం ఉండదు.

"వాడే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాల నీకు?"

"పోలీసు ముందర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు సార్."

"మాకు తెలీదులే, నువ్వు నేర్పు. మేజిస్ట్రేటు క్యాంపులో ఉండాడు. గురువారం పదకొండుకు వస్తాడు. ఆయన ముందర ఇదే మాట చెప్తాడు వీడు, రాసుకుంటాం. ఆ పైన నువ్వూ నీ ప్లీడరూ నెత్తిన గుడ్డేసుకొని పోవచ్చు."

"ఆమె పొట్టలో విషం ఉందని రిపోర్టు వచ్చిందా?"

"హైదరాబాదుకు పంపినాం. నెల పడతాది. అంతవరకు ఇది చాల్లే." బల్ల మీద ఒక రేకు డబ్బా పెట్టాడు. పత్తికి కొట్టే పురుగుల మందు డబ్బా. "తూము కాడ వాని గుడిసెలో దొరికింది."

డబ్బా చేతిలోకి తీసుకున్నాను. మూతకు నడిమధ్యలో బెజ్జం. బెజ్జంలో కాలిన గుడ్డపీలిక. వాసన చూశాను. కిరసనాయిలు.

"ఇది బుడ్డి సార్. దీపం పెట్టుకున్నాడు."

"బుడ్డి కాకముందు మందు డబ్బానే గదా?"

"మసి చూడండి. లోపలి అంచంతా పట్టింది. నిన్న మొన్న చేసిన బుడ్డి కాదు, ఏడాది నాటిది."

ఆయన డబ్బా లాక్కున్నాడు. "గురువారం వరకు నీకు టైముంది. ఆ పక్షుల్ని అడుగు పో, సాక్ష్యం చెప్తాయేమో."

వార్డరు నవ్వాడు. లోపల తిమ్మయ్య మాత్రం ఆ మాటకు కళ్లు మూసుకున్నాడు.

*

పశువుల డాక్టరు లేవి సైకిలు వెనక కూర్చొని ఐదు మైళ్లు పోయాను. తొమ్మిదీ పదికి సింగనకుంట చెరువు కట్ట మీద దిగాం.

లేవి కుర్రవాడేం కాదు, నలభై ఉంటాయి. మాట తక్కువ. నాకు నచ్చాడు. ముక్కుకు, నోటికి తువ్వాలు కట్టుకొని నాకూ ఒకటి ఇచ్చాడు.

కట్ట వాలున పక్షులు పడి ఉన్నాయి. బాతులు, నెత్తిన తెల్లబొట్టుండే నీటికోళ్లు, ఎర్రకాళ్ల కొంగలు. ఊరివాళ్లు రెండు గుంటలు తీసి పూడ్చారట. పూడ్చినా ఇంకా ఉన్నాయి. ఒక బాతు బతికి ఉంది. మెడ వెనక్కి మెలితిరిగిపోయి, నీళ్ల అంచున ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ ఉంది. చెట్టు మీద గూట్లో కొంగపిల్లలు అరుస్తున్నాయి. చచ్చినవాటిలో వాటి తల్లి ఏదో తెలియదు. ఆ అరుపు మేము అక్కడున్నంతసేపూ ఆగలేదు.

నా జేబులో బొరుగులు ఉన్నాయి. గుప్పెడు నీళ్లలో చల్లాను. పది లెక్కపెట్టేలోపు చేపపిల్లలు మూగాయి.

"చూసినావా?" అన్నాను.

"చూసినా" అన్నాడు లేవి. "నీళ్లలో ఇషం ఉంటే మొదట పోయేది చేపలే. కప్పలు బాగుండాయి. ఊరి బర్రెలు ఈ నీళ్లే తాగుతాండాయి. సచ్చింది రెక్కలున్నవి మాత్రమే."

చచ్చిన కొంగ తలను కర్రతో తిప్పి చూపించాడు. కళ్ల చుట్టూ వాపు. ముక్కులోంచి నెత్తురు చారిక ఎండిపోయి ఉంది.

"ఊళ్లో కోళ్లు గూడ ఇట్లనే పోయినాయి. మొహం వాచి, తురాయి నల్లబడి, పొద్దున నిలబడిన కోడి మాపటికి లేదు. కొక్కెర తెగులు అనుకున్నా. అది ఇంత తొందరగా సంపదు. కోళ్ల ప్లేగని ఇంకొకటి ఉందంట, పుస్తకంలో చూసినా. అడివి పక్షులకు వస్తుందని ఆ పుస్తకంలో లేదు."

"మనుషులకు?"

"అదీ లేదు." కర్ర పక్కన పెట్టాడు. "లేదంటే రాదని కాదన్నా. ఎవురూ రాయలేదని."

ఏ వారం ఏం జరిగిందో అడిగాను. లేవి చిన్న పుస్తకం తీసి చూసి చెప్పాడు. మొన్న పోయింది కాక, అంతకు ముందు ఆదివారం నాడు ఓబులరెడ్డి ఇంట్లో కోళ్లు పోయాయి. సోమవారం ఊరంతా పోయాయి, ఆ రోజే తనను పిలిచారు. అదే సోమవారం రామలక్ష్మమ్మకు జ్వరం తగిలింది. బుధవారం తెల్లవారి నుంచి చెరువులో పక్షులు రాలాయి. శుక్రవారం, జ్వరం వచ్చిన ఐదో రోజు, ఊపిరి ఆడక ఆమె పోయింది.

"మధ్యలో మంగళవారం?"

"ఊరోళ్లు బుట్ట ఎత్తించినారు."

ఆ మాటతో నేను తూము వైపు నడిచాను. తిమ్మయ్య గుడిసెకు ఇరవై అడుగుల దూరంలో, తంగేడు పొద కింద దొరికింది. కొత్త వెదురు బుట్ట. అంచుకు పసుపు. లోపల వాడిన వేపాకు, కుంకుమ, నాలుగు కోడి ఈకలు. కోడిని నక్కో కుక్కో లాక్కుపోయి ఉంటుంది.

ఇది ఈ సీమలో అందరికీ తెలిసిన పనే. కోళ్లకు తెగులు తగిలితే, చావుకొచ్చిన కోడినొకదాన్ని కొత్త బుట్టలో పెట్టి, పసుపు కుంకుమ చల్లి, మారెమ్మను సాగనంపినట్టు పొలిమేర దాటిస్తారు. మోసేది నీరుగంటి. దారిలో వెనక్కి చూడకూడదు, బుట్ట నేలకు దించకూడదు. దించిన చోట అమ్మ దిగిపోతుందని నమ్మకం.

పొలిమేర ఇంకా మైలున్నర ఉంది. బుట్ట చెరువు కట్ట మీద ఉంది.

తిమ్మయ్య ఎట్లా చేశాడో ఎందుకు దాచాడో అర్థమైంది. అతను అబద్ధం ఆడలేదు. పక్షుల్ని తనే చంపానని నమ్ముతున్నాడు. గురువారం మేజిస్ట్రేటు ముందు నమ్మకంగా చెబుతాడు. దాన్ని విషం అనే రాసుకుంటారు, ఉరి వేస్తారు.

"మంగళవారం బుట్ట దించినాడు, బుధవారం పక్షులు సచ్చినాయి. ఆయప్పకు అట్లనే అనిపిస్తాది" అన్నాడు లేవి.

"అంతకు ముందే ఈ చెరువులో పక్షి జబ్బు పడిందని చూపించగలమా?"

"చూపించాలంటే బుట్టకు ముందు సచ్చిన పక్షి కావాల."

నేను ఊరి వైపు చూశాను. కోళ్లు మొదట చచ్చిన ఇల్లు ఎవరిదో, మనిషి చచ్చిన ఇల్లూ వాళ్లదే.

*

పదకొండు గంటలకు ఓబులరెడ్డి ఇంటి ముందు ఉన్నాం. అరుగు మీద తువ్వాలు పరుచుకొని కూర్చొని ఉన్నాడు. ముప్పై ఐదేళ్ల మనిషి. గడ్డం పెరిగి ఉంది. సున్నం వెలిసిన ఇల్లు, లోపల నుంచి అలికిడి లేదు.

"ఏమప్పా, ఆ నీరుగంటి తరఫున వచ్చినోడివి నువ్వేనా? కూర్చో. కూర్చోమనేదానికి ఇంట్లో మనిషి లేదు."

కూర్చున్నాను.

"మీ కోళ్లు ఎన్ని పోయినాయి రెడ్డిగారూ?"

"పదకొండు. గంప కింద ఒకటి మిగల్లేదు."

"ఊళ్లో మొదట పోయింది మీవే అంట."

"అయితే?"

"ఊరికే అడిగినా. ఈ ఏడు శనక్కాయలు బాగా వచ్చినట్టుండాయే."

"ఏదో వచ్చినాయి. పదిమంది కూలోళ్లను పెట్టి ఒలిపించినా."

"ఎప్పుడు?"

"కోళ్లు పోకముందు. శుక్రవారం. ఇంకో దినం సందు లేదు, పొట్టంతా ఆ ఒక్క దినమే దిబ్బలో పోసినాం." చెప్పి నా మొహం చూశాడు. "ఎందుకు?"

నేను లేచి పెరట్లోకి పోయాను. పేడదిబ్బ గోడకు ఆనుకొని ఉంది. ఇంట్లో దిబ్బ అంటే మా వంటి వాళ్లకు చదివే పుస్తకం. ఏ రోజు ఊడ్చింది ఆ రోజు పైన పడుతుంది, కిందది కదలదు. పైన పొరలు పొరలుగా పేడా బూడిదా. ఆ కింద జానెడు మందాన శనక్కాయ పొట్టు. పార తీసుకొని పొట్టును పక్కకు లాగాను.

"నా గడపలో పార పెట్టేదానికి నువ్వెవడివిరా!" రెడ్డి పరుగెత్తుకొచ్చాడు. పార కర్ర పట్టుకున్నాడు. బలమైన మనిషి. నేను వదల్లేదు. లేవి మా ఇద్దరి నడుమ వంగి, పొట్టు కిందికి చెయ్యి పెట్టి, తడిగుడ్డతో ఒకటి పైకి తీశాడు.

బాతు కాలు. వేళ్ల నడుమ తోలు ఎండి ముడుచుకొని ఉంది. దాని వెంట ఈకలు, రెక్కలో ఆకుపచ్చ మెరుపుతో. కోడికి అటువంటి ఈక ఉండదు. లేవి ఆరు జతల కాళ్లు తీసి వరసగా పెట్టాడు.

రెడ్డి పార వదిలేశాడు.

సింగనకుంటలో ఒక కట్టుబాటు ఉంది. చెరువు పక్షిని ముట్టుకున్న ఇంటి మడికి ఆ పంటకాలమంతా తూము మూస్తారు. పక్షుల రెట్ట కలిసిన నీళ్లతోనే ఆ ఊరి వరి పండుతుంది. రెడ్డికైనా కూలికైనా కట్టుబాటు ఒకటే. మూసే చెయ్యి తిమ్మయ్యది.

"పొట్టు శుక్రవారం పోసినారు. ఇవి పొట్టు కింద ఉండాయి" అన్నాను. "శుక్రవారానికి ముందే ఈ బాతుల్ని తెచ్చినారు. బుట్ట ఎత్తింది ఆ తర్వాత మంగళవారం."

"గురువారం తెల్లారి తెచ్చినా." అన్నాడు రెడ్డి. "నేను సంపలేదప్పా. తుంగలో పడి ఉండాయి, ఎగరలేక. చేత్తో పట్టుకున్నా. ఆయమ్మకు మూడో నెల. నోట్లోకి మెతుకు పోవడంల్యా. నీసు అయితే తింటానేమో అనింది. అదే నేను చేసిన పాపం."

"తినిందా?"

"రెండు ముక్కలు. నాకోసం తినింది."

"మీరు?"

"నేనే శానా తిన్నా. నాకేం కాలేదు సూడు." చేత్తో మొహం తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు: "వరి పొట్ట మీద ఉండాది. నీళ్లు ఆపితే పోతాది. అయినా అది గాదప్పా. నా చేత్తో తెచ్చి పెట్టి సంపుకున్నానని యాడ చెప్పుకునేది? ఎవరో నీళ్లలో ఇషం కలిపినారన్నారు. సరే, అట్లనే అని ఊరుకున్నా."

"తిమ్మయ్యను ఉరి తీస్తారు."

"తెలుసు."

"పేగులు, తలకాయలు ఏం చేసినారు?" లేవి అడిగాడు.

"కోళ్లకు ఏసినాం."

లేవి నా వైపు చూశాడు. వారాలు అతికాయి. గురువారం బాతులు, ఆదివారం కోళ్లు, మంగళవారం బుట్ట. తెగులు చెరువు నుంచి ఊళ్లోకి వచ్చింది. ఊళ్లోంచి చెరువుకు పోలేదు.

"ఇదంతా రాస్తే సంతకం పెడతారా రెడ్డిగారూ?"

బాతు కాళ్ల వైపు చూశాడు. "పెట్టను" అన్నాడు. "ఆయమ్మ కర్మంతరం అయ్యేవరకు ఏ కాగితం మీదా పెట్టను. అడగొద్దు."

కర్మంతరానికి ఇంకా ఆరు రోజులు ఉన్నాయి. తిమ్మయ్యకు ఉన్నది రెండు రోజులు.

"బాతుల్ని శుభ్రం చేసింది ఎవరు? ఆమె ఒక్కతేనా?"

"ఇద్దరు కూర్చొని ఈకలు పెరికినారు."

"రెండో మనిషి ఎవరు? ఆ మనిషి చెప్పినా చాలు."

ఓబులరెడ్డి మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. "అదేందప్పా, నీకు చెప్పలేదా? నువ్వు ఎవరు పంపిస్తే వచ్చినావో, ఆయమ్మే. మా ఇంట్లో పని చేసేది సుంకులమ్మే గదా."

*

సుంకులమ్మ గుడిసె ఊరి చివర. ముప్పై లోపు మనిషి, మొగుడు లేడు, తండ్రితో ఉంటుంది. పట్టపగలు కంబళి కప్పుకొని పడుకొని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయింది. దగ్గింది. ఆదివారం ప్లీడరు వాకిట్లోనూ దగ్గింది. బస్సు దుమ్ము అనుకున్నాను. ముప్పై ఏళ్లు మనుషుల మొహాలు చూసినవాణ్ణి, అట్లా అనుకున్నాను.

లేవి నన్ను గుమ్మం దగ్గరే ఆపి తను లోపలికి పోయాడు. నుదుటి మీద చెయ్యి పెట్టి వెంటనే తీశాడు.

"ఎప్పటినుంచి?"

"ఆదివారం పొద్దున. ఎండకులే సామీ. నాయిన ఎట్లుండాడు? తిన్నాడా?"

"సుంకులమ్మా, బాతుల ఈకలు నువ్వు పెరికినావు" అన్నాను గుమ్మంలోంచి.

ఆమె కంబళి అంచు నోట్లో కుక్కుకుంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నోరు తెరవనని ఆయమ్మ చేతిలో చెయ్యేసినా. కడుపుతో ఉండే మనిషి సామీ, కళ్లనీళ్లు పెట్టుకొని అడిగింది. ఇప్పుడు ఆయమ్మే లేదు, మాట ఎవరితో వెనక్కి తీసుకునేది?" ఊపిరి కోసం ఆగింది. "ఆయమ్మకు జ్వరం వచ్చినాక ఐదు దినాలూ నేనే పక్కనుండా. నా ఒళ్లోనే పోయింది."

"నువ్వు చెప్తే మీ నాయిన బయటపడతాడు."

"నాయినకు తెలుస్తాది గదా, నేను ఆ పక్షుల్ని ముట్టినానని."

"తెలుస్తాది."

"సచ్చిపోతాడు సామీ. నన్ను కొట్టడు, తిట్టడు. అన్నం మానేసి కూర్చుంటాడు. కొంగలొచ్చే మాసం ఇంట్లో కోడి గూడ కోయనీడు ఆయప్ప."

"తెలియకపోతే ఉరి వేస్తారమ్మా."

ఆమె దగ్గి, కుడిచెయ్యి కంబళిలోంచి బయటికి పెట్టింది. "రాసుకోండి."

నన్ను గుమ్మం దాటనివ్వలేదు. లేవి రాశాడు. గురువారం తెల్లవారి రెడ్డి ఆరు బాతుల్ని తెచ్చాడని, చావలేదు గానీ ఎగరలేకుండా ఉన్నాయని, మెడలు వాలేసి ఉన్నాయని, తను, రామలక్ష్మమ్మ పెరట్లో కూర్చొని పెరికారని. చదివి వినిపించాడు. బొటనవేలు వేయించాడు. ముద్ర చెదిరింది. మళ్లీ వేయించాడు.

బయటికి వచ్చాక లేవి చేతులు సున్నపు నీళ్లతో మూడుసార్లు కడుక్కున్నాడు.

"తిన్నోనికి ఏం కాలేదు. పెరికిన ఇద్దరికీ వచ్చింది" అన్నాడు. "కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోవాల. బస్సులో ఎక్కించుకోరు. బండి కడతా. అయినా నాకు ఏం మందియ్యాలో తెలీదన్నా. వాళ్లకు తెలుస్తాదని గూడ నమ్మకం లేదు."

"ఎవరు తోడు పోతారు?"

"ఎవరూ రారు. నేనే పోతా."

*

సాయంత్రం నాలుగూ పదికి కాగితం శ్రీనివాసులు బల్ల మీద పెట్టాను. బాతు కాళ్లు, ఈకలు గుడ్డలో కట్టి పక్కన పెట్టాను. రెండుసార్లు చదివాడు. పేడదిబ్బ పొరల సంగతి అడిగాడు. చెప్పాను. మొదటిసారి ఎగతాళి చేయలేదు.

"పని నేర్చుకున్నోడివే" అన్నాడు. "ఇది నిలుస్తాది. కానీ దాసన్నా, వాడు గురువారం మేజిస్ట్రేటు ముందర నేనే సంపినా అంటే నీ కాగితం చిత్తు. ముందు పోయి వాణ్ణి ఒప్పించు."

ఇద్దరం ఊచల దగ్గరికి పోయాం.

"తిమ్మయ్యా, బుట్ట చూసినా."

తల ఎత్తాడు.

"తూము కాడ దించినావు."

"మోకాలు పట్టేసింది సామీ. రవ్వంత సేపని దించినా. దించినాక మళ్లా ఎత్తేదానికి చెయ్యి రాలే. ఆడనే ఇడిసిపెట్టి వచ్చినా. ఎవరికీ చెప్పలే. తెల్లారి లేసి సూస్తే కట్ట పొడుగునా..." మాట ముగించలేదు.

"నువ్వు దించేదానికి ఐదు దినాల ముందే బాతులు జబ్బు పడినాయి. ఇదో, చూడు." ఊచల మధ్యనుంచి బాతు కాలు చూపించాను. "నీ బుట్ట వల్ల కాదు. పక్షులే యాడనుంచో తెచ్చుకున్నాయి."

చెయ్యి చాచాడు గానీ తాకలేదు. "యాడ దొరికింది?"

"ఓబులరెడ్డి దిబ్బలో."

"ఆయప్ప చెప్పడు. ఎవరు చెప్పినారు?"

చెప్పకుండా దాటేసే దారి వెతికాను. లేదు. "సుంకులమ్మ. పెరికింది తనే."

"నా బిడ్డ ముట్టదు. రెక్క ఇరిగిన కొంగపిల్లకు ఎండలో పోయి చేపలు పట్టుకొచ్చి పెట్టిన బిడ్డ."

"ముట్టింది తిమ్మయ్యా. వేలిముద్ర వేసింది."

అతను గోడకు తల ఆనించాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఆ కాగితం చింపేయ్ సామీ. కోర్టులో చదివితే ఊరు వింటాది. దానికి ఎవరూ నిప్పు గూడ ఇయ్యరు. ఒంటి ఆడమనిషి, యాడ బతుకుతాది? నేనే సంపినా. గురువారం దొర ముందర గూడ అదే చెప్తా. ఇప్పుడు ఇంకా గట్టిగా చెప్తా."

శ్రీనివాసులు నా వైపు చూశాడు. ఆయన మొహంలో గెలుపు లేదు.

ఒక్క మాట మిగిలి ఉంది నా దగ్గర. దాన్ని వాడాలని నాకు లేదు.

"తిమ్మయ్యా, సుంకులమ్మకు జ్వరం."

"ఏం జ్వరం?"

"రామలక్ష్మమ్మకు వచ్చిందే."

"ఎన్ని దినాలు?"

"ఆదివారం నుంచి."

"ఆయమ్మ ఎన్ని దినాలుండింది?"

శ్రీనివాసులే చెప్పాడు. "ఐదు."

తిమ్మయ్య లేచాడు. మోకాలు పట్టుకొని, గోడ పట్టుకొని, ఊచల దాకా వచ్చాడు. పట్టుకొచ్చిన నాటి నుంచీ వదలమని ఒక్కసారి కూడా అడగని మనిషి.

"తలుపు తీయండి సారూ. నేను సంపలేదు. కాగితం చింపొద్దు, ఊరంతా విననీ. నేను సంపలేదు. తలుపు తీయండి."

వార్డరు తాళంచెవుల మీద చెయ్యి వేసి ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. శ్రీనివాసులు తల అడ్డంగా ఊపాడు. నేలను చూస్తూ అన్నాడు: "రిమాండు ఖైదీ. మేజిస్ట్రేటు సంతకం లేకుండా నేను వదలకూడదు. క్యాంపుకు మనిషిని పంపిస్తా, ఇప్పుడే. ఆయన యాడుండాడో గూడ సరిగా తెలీదు. కాకపోతే గురువారం పదకొండుకు."

"ఈ పొద్దు ఏ వారం?" తిమ్మయ్య నన్ను అడిగాడు.

"మంగళవారం."

ఎడమ చెయ్యి ముందుకు పెట్టి ఆదివారం అంటూ చిటికెన వేలు ముడిచాడు. సోమవారం. మంగళవారం. బుధవారం దగ్గర చూపుడు వేలు ముడిచి కొంచెం ఆగాడు. గురువారం అన్నప్పుడు చెయ్యి పిడికిలి అయింది.

ఆ పిడికిలి విప్పకుండా అక్కడే నిలబడ్డాడు.